పిడికెడు బియ్యం

మతం నల్లమందు కదా, ఇంకా చర్చికెందుకు పోతావని మిత్రులడుగుతారు. పరలోకం కోసమైతే కాదు. మా అమ్మ కూలికి పోయివచ్చి, ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి ముంతలో వేసేది. ఆదివారంనాడు పేటలోని ముంతలన్నీ చర్చిలో ఒక్క రాశి అయ్యేవి. అందులో పాస్టరుగారికి కొంత, మంచాన పడ్డవాళ్లకు కొంత.

బాప్తిస్మం పొందిన మాలమాదిగలను 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల్లోంచి తప్పించింది. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. మమ్మల్ని చేర్చలేదు. పోనీ కులం మమ్మల్ని వదిలిందా? మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి ఉన్న ఊళ్లు నేనెరుగుదును. ఇదంతా ఎరిగీ నిరాశపడలేకున్నాను.

మొన్న ఊరికి పోతే మా వదినె నిండిన ముంత చంకనెత్తుకుని ఎదురైంది. ఆదివారం కాదే అన్నాను. అవతలి పేటలో గుడిసె కాలిందట. వాళ్లు మా చర్చివాళ్లు కారు.

“నువ్వూ ఓ ముంత పట్టుకుని రా, అబ్బాయ్” అంది.