రామదండు నడిచిన ఊరు

పిల్లలు పదిమంది ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చిపడితే "రామదండు దిగింది" అనడం మనకు అలవాటు. ఆ మాటకు చీరాలలో మరో అర్థం ఉంది.

విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే రైలులో బాపట్ల దాటాక వచ్చే స్టేషను చీరాల. ఇక్కడ దిగేవారిలో చాలామంది బట్టల బేరానికో, ఓడరేవులో సముద్రస్నానానికో వచ్చినవారే. నూరేళ్ళ కిందట ఊరు ఊరంతా ఇల్లూ వాకిలీ విడిచి లేచిపోయిన చోటు ఇదేనని తలచుకునేవారు తక్కువ.

చీరాల, పేరాల పక్కపక్క ఊళ్ళు. రెండూ కలిపి సుమారు 15,000 జనం. నేతగాళ్ళు, రైతులు, చిన్న వర్తకులు. 1919లో ప్రభుత్వం ఈ రెంటినీ కలిపి మునిసిపాలిటీ చేసింది. దాంతో ఏటా 4,000 రూపాయలుండే పన్ను 40,000 దాకా పోయింది. మగ్గం మీద బతికే పల్లెవాళ్ళకు పట్నపు హోదా ఎందుకు? మాకు వద్దు మొర్రో అని అర్జీలు పెట్టుకున్నా విన్నవారు లేరు. పన్ను కట్టమని జైలుకు పోయినవారిలో ఒక స్త్రీ కూడా ఉంది.

వీరికి అండగా నిలిచినవాడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. పెనుగంచిప్రోలులో పుట్టి ఎడింబరోలో ఎం.ఏ. చదివినవాడు. ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవాడు. అంత చదువు చదివినవాడు చీరాల కుర్రవాళ్ళను కూర్చోబెట్టి ఉపన్యాసాలు దంచి ఉండవచ్చు. అలా చేయలేదు. పెద్దల చదువుకు ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పెట్టాడు. యువకులతో రామదండు కట్టాడు. వాళ్ళకు కాషాయ వస్త్రాలు, మెడలో రుద్రాక్షలు, నోట పాట, చేతికి పని. రాముడి కథ తెలియని ఇల్లు ఆ ఊళ్ళో ఉండదు గదా! లంక మీదికి పోయిన కోతిమూక ఎవరో వివరించి చెప్పనక్కరలేదు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు, విరగబడిన జనాన్ని అదుపులో పెట్టి సేవ చేసింది ఈ దండే.

ఆ సమావేశం ముగిసిన కొద్దిరోజులకే గాంధీగారు చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చూపారు. పన్ను కట్టకుండా, చెయ్యెత్తకుండా వచ్చే కష్టం భరించడం ఒకటి. మునిసిపాలిటీ హద్దు దాటి పోవడం రెండోది. హద్దు అవతల మునిసిపాలిటీ పన్ను వేయలేదు! జనం రెండోదే పట్టుకున్నారు.

మంచి ఎండాకాలం. గోడలున్న ఇళ్ళకు తాళాలు వేసి, ముసలివాళ్ళనూ పసిపిల్లలనూ వెంటబెట్టుకుని, ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు. చెప్పడానికి తేలికే గాని, గుంటమగ్గాన్ని చాపచుట్టలా చంకన పెట్టుకుపోవడానికి వీలవుతుందా? కొత్తచోట మళ్ళీ గుంట తవ్వాలి. వంటకు పొయ్యి, తాగడానికి నీళ్ళు, రాత్రిళ్ళు కాపలా, అన్నీ మొదటినుంచి చూసుకోవలసినవే. రామదండుకు అసలు పని అప్పుడు పడింది. శాంతిభద్రతలు వాళ్ళే చూశారు. తగవులు తీర్చుకోవడానికి ఊరివాళ్ళదే పంచాయతీ. ఇలా పదకొండు నెలలు గడిపారు.

పాకల్లో బతకాలన్నా డబ్బు కావాలి. చందాల కోసం గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్ళాడు. మాట్లాడరాదన్న ఉత్తర్వును లెక్కచేయనందుకు అక్కడే పట్టుకుని ఏడాది శిక్ష వేశారు. ఆ తరువాత రామనగర్ నీరసించింది. జనం ఒక్కొక్కరే వెనక్కు వచ్చి తాళాలు తీసుకున్నారు.

బీదతనం, ప్రభుత్వ నిర్బంధం దీనికి కారణాలని చరిత్రకారులు చెబుతారు. నిజమే. నాకు మాత్రం ఇంకొకటి తోస్తుంది. ఆ కుర్రవాళ్ళకు క్రమశిక్షణ అబ్బింది, సేవ అబ్బింది. నాయకుడు లేనినాడు ఊరిని నడిపే పెత్తనం మాత్రం వాళ్ళ చేతికి ఇంకా రాలేదు. దండును తయారుచేయడానికి దొరికిన వ్యవధి, దండులోనుంచి మరో నలుగురు నాయకులను తయారుచేయడానికి ఆయనకు దొరకలేదు కాబోలు. 1928లో, ముప్పైతొమ్మిదో ఏట, క్షయతో పోయాడు.

ఇప్పుడు చీరాల బాపట్ల జిల్లాలో ఉంది, మునిసిపాలిటీయే. ఓడరేవు దారి పట్టేముందు నేతపేటల వైపు ఒక్క గంట తిరగండి. మగ్గం చప్పుడు వినిపిస్తే ఆగి, ఆ గుంట ఎంత లోతుందో పిల్లలకు చూపండి.