నలభై అగ్గిపెట్టెల పార్కు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు చదువు విలువ మీదో, క్రమశిక్షణ మీదో రాద్దామనుకున్నాను. అవి ప్రతి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. పైగా క్రమశిక్షణ గురించి నేను రాస్తే మా బ్యాచ్ వాళ్లు నవ్వుతారు. అందుకే ఒక పార్కు గురించి రాస్తున్నాను. చూడకుండానే మేము మన హాస్టల్ వరండాలో కట్టిన పార్కు అది. ఇందులో నేను ఒప్పుకోవలసిన సంగతి కూడా ఒకటుంది.

2014లో తెలంగాణ వచ్చిన కొత్తలో నేను తొమ్మిదో తరగతిలోకి వచ్చాను. హాస్టల్‌కు వచ్చే ఒకే ఒక్క పేపరు వార్డెన్ సారు, వంటాయన, పదో తరగతి అన్నలు అందరూ చదివాక సాయంత్రానికి మా చేతికి వచ్చేది. అందులో ఒక వార్త చూశాం. కొచ్చిలో 2000లో, బెంగళూరులో 2005లో పార్కులు పెట్టిన వండర్‌లా కంపెనీ హైదరాబాద్ దగ్గర రావిర్యాలలో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సుమారు 50 ఎకరాల్లో మూడో పార్కు కడుతోందని. అంతే. బొమ్మ లేదు, ప్లాను లేదు. ఆ రాత్రి స్టడీ అవర్‌లో ఎవరూ చదవలేదు.

"యాభై ఎకరాలంటే ఎంతుంటదిరా?" అని మొదట అడిగింది దేవరకొండ వాడు. హాస్టల్లో మన పేర్లు హాజరుపట్టీకే కదా, మిగతా అంతా ఊరి పేరే. మాలో చాలామంది ఇళ్లలో ఎకరం కూడా లేదు. గుంటల్లో లెక్క తెలుసు గానీ యాభై ఎకరాలు ఊహకు అందలేదు. మరుసటి ఆదివారం బావి తాడు తెచ్చి హాస్టల్ ఆవరణ కొలిచాం. పొడవు 110 గజాలు, వెడల్పు 55 గజాలు. గుణిస్తే 6,050 చదరపు గజాలు. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి మన హాస్టల్, గ్రౌండుతో సహా, ఎకరం పది గుంటలు. అంటే ఆ పార్కులో మన హాస్టళ్లు నలభై పడతాయి!

ఆ లెక్క తేలాక అందరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత నలభై ఖాళీ అగ్గిపెట్టెలు పోగుచేశాం. ఒక్కో అగ్గిపెట్టె ఒక్కో హాస్టల్. వరుసకు ఎనిమిది చొప్పున ఐదు వరుసలు పేర్చి, సుద్దముక్కతో చుట్టూ గీత గీశాం. ఇక వాదనలు మొదలు. నీళ్ల ఆటలకు ఎన్ని పెట్టెలు? జెయింట్ వీల్ ఎక్కడ? మునుగోడు వాడు సముద్రం కావాలని ఒక్కడే పన్నెండు పెట్టెలు పట్టుకుని కూర్చున్నాడు. రోలర్ కోస్టర్ పార్కు చుట్టూ ప్రహరీ లాగా తిరుగుతుందని నా పట్టు.

ఒకరోజు మన కామాటి తాత చీపురు పట్టుకుని వచ్చి నిలబడి చూశాడు. "ఇంతమంది వస్తే నీళ్లు ఎక్కడియిరా? అన్నం ఎక్కడ వండుతరు? పాయఖానాలేవి? బండ్లు ఎక్కడ పెడ్తరు?" అన్నాడు. రోజూ రెండు వందల మందికి నీళ్లు పట్టే మనిషి కదా! మేము నలభై పెట్టెలూ ఆటలకే పంచేసుకున్నాం. ఆ రోజు మునుగోడు వాడి సముద్రంలోంచి ఆరు పెట్టెలు బండ్లకు, వంటకు, నీళ్ల ట్యాంకులకు పోయాయి. స్థలం ఎంత, అందులో ఆట ఎంత అనేవి రెండు వేరు లెక్కలని నాకు మొదట నేర్పింది ఆ తాతే.

పదో తరగతి సంక్రాంతికి అసలు సమాచారం వచ్చింది. దేవరకొండ వాడి నాయిన అటువైపు ఇంకో చోట సెంట్రింగ్ పనికి పోయేవాడు. దారిలో చూసింది పండక్కి కొడుకుకు చెప్పాడు. "రెండు దిక్కుల ఇనుప పట్టాలు ఆకాశంలకు లేసినయ్ బిడ్డా. నడుమ చుట్టలు చుట్టినయ్. గానీ రెండు కొసలు కలవలే. పైన్నే ఆగిపోయినయ్."

కొసలు కలవకపోతే రైలు ఎట్లా తిరుగుతుంది? పని ఇంకా పూర్తికాలేదని నేనన్నాను. దేవరకొండ వాడు ఏమీ అనలేదు. వంటగదిలోంచి మూకుడు తెచ్చి, ఒక అంచు నుంచి గోళీ వదిలాడు. గోళీ దిగి, అవతలి అంచుకు ఎక్కి, మళ్లీ వెనక్కి వచ్చింది. "కలవనక్కర్లేదు. రైలు పోయిన తొవ్వనే ఎనకకు వస్తది" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. "సూడు, గోళీ వదిలినంత ఎత్తుకు ఎక్కలేదు. రాపిడికి తగ్గుతది. రైలు గూడ తగ్గుతది. అందుకే అవతలి కొసన గూడ గొలుసు ఉండాలె, పట్టి పైకి గుంజనీకి." ఒకే పట్టాల మీద రెండుసార్లు తిరిగితే స్థలం కూడా తక్కువ చాలు. నా ప్రహరీ రోలర్ కోస్టర్ అక్కడితో కూలిపోయింది.

ఇప్పుడు ఒప్పుకోవలసిన సంగతి. ఫిబ్రవరి 28న స్కూల్లో సైన్స్ దినోత్సవం. వాడి నాయినకు జ్వరమని వాడు ఊరికి పోయాడు. నేను ప్లాస్టిక్ పైపును నిలువునా చీల్చి, వంచి, గోళీతో అదే ప్రయోగం చేసి చూపించాను. రాపిడి, గొలుసు అన్నీ వాడి మాటలే. మొదటి బహుమతిగా జామెట్రీ బాక్స్ ఇచ్చారు. ఆలోచన ఎవరిదని సైన్స్ సారు అడిగినప్పుడు "నాదే సార్" అన్నాను.

2016 ఏప్రిల్‌లో పార్కు తెరిచారు. మా పరీక్షలు అయిపోయాయి. పేపర్లో టికెట్ ధర చూసి, నెలనెలా ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీలు ఎన్ని నెలలు దాచాలో వేళ్ల మీద లెక్కేసి, మధ్యలోనే ఆపేశాం. అప్పుడు గుర్తొచ్చింది, మా పార్కులో టికెట్ కౌంటర్‌కు అగ్గిపెట్టె పెట్టనే లేదని. ట్రంకు పెట్టెలు ఎత్తుకుని ఎవరి ఊరికి వాళ్లం పోయాం. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాను, ఆ జామెట్రీ బాక్సుతోనే. దేవరకొండ వాడు ఇంటర్‌లో చేరలేదు. నాయినతో సెంట్రింగ్‌కు పోయాడు.

తర్వాత ఒక సంగతి చదివి నవ్వుకున్నాను. 1965లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఎవరో రకరకాల కంపెనీల పేర్లతో 27,000 ఎకరాలకు పైగా భూమి కొన్నారట. కార్ల కంపెనీ అని ఒకరు, విమానాల కంపెనీ అని ఇంకొకరు ఊరంతా ఊహలు. ఆ ఏడు అక్టోబర్‌లో అక్కడి పేపరు, కొన్నది డిస్నీ అని రాసింది. 1971 అక్టోబర్ 1న తెరిచినప్పుడు అసలు పార్కు ఉన్నది ఆ భూమిలో నూరు ఎకరాలకు కాస్త పైచిలుకే. మన కామాటి తాత అక్కడుంటే ముందే చెప్పేవాడు!

ఇప్పుడు నేను సర్వే పని చేస్తున్నాను. 2023లో దేవరకొండ వాడిని వెతికి పట్టుకుని, ఇద్దరం రావిర్యాల పోయాం. వాడిప్పుడు మేస్త్రీ, పదిమందికి పని చూపిస్తున్నాడు. ఆ రోలర్ కోస్టర్ పేరు రీకాయిల్. కింద నిలబడి చూశాం. రైలును వెనక్కి గుంజి వదిలారు. చుట్టలు తిరిగి అవతలి కొసకు ఎక్కింది. అక్కడ గొలుసు పట్టుకుని పైకి లాగింది. తర్వాత అదే పట్టాల మీద వెనక్కి.

వాడు నవ్వాడు. నేను బహుమతి సంగతి చెప్పాను. "తెలుసు" అన్నాడు. "ఊర్నుంచి వచ్చిన రోజే తెలుసు. నువ్వే చెప్తవని చూసిన."

ఏడేళ్లు చూశాడు. నేను తలెత్తలేకపోయాను. వాడే నా భుజం మీద చెయ్యేసి "పద, ఎక్కుదాం" అన్నాడు.

తమ్ముళ్లారా, చూడనిదాన్ని ఊహించడం తప్పు కాదు. తాడు తెచ్చి కొలవండి, మూకుడు తెచ్చి చూడండి, పెద్దవాళ్లు కళ్లతో చూసింది వినండి. కానీ ఏ ఊహ ఎవరిదో నోటుపుస్తకంలో పేరుతో సహా రాసుకోండి. ఆ రోజు సైన్స్ సారుకు చెప్పవలసిన జవాబు ఇప్పుడు ఈ సంచికలో చెబుతున్నాను: ఆ ఆలోచన నాది కాదు సార్, దేవరకొండ వాడిది.

– మీ అన్న,
పూర్వ విద్యార్థి, 2015-16 పదో తరగతి బ్యాచ్