కామరూపి లెక్క

కామరూపి అంటే ఇచ్ఛానుసారం రూపం ధరించగలవాడు. మన ఇతిహాసపురాణాలలో ఈ శక్తి అపూర్వమైనదేమీ కాదు. రాక్షసులకు అది పుట్టుకతో వచ్చినది, దేవతలకు సహజమైనది, యోగులకు సిద్ధించినది. సుగ్రీవుని సేనలోని వానరులను సైతం వాల్మీకి మహర్షి కామరూపులనే వర్ణిస్తాడు. అయితే ఆ శక్తికి వెల ఎంత, దానిని ప్రయోగించినవాడు ఏమి చెల్లించాలి అన్న సంగతిని మన పూర్వులు అంకెలలో వ్రాసి పెట్టలేదు. అంకెలలో వ్రాసినవారు అమెరికాలోని ఆటల రచయితలు. అటువంటి అంకెల పుస్తకం ఒకటి గత వేసవిలో కామారెడ్డి జిల్లా బీబీపేటలో ఒక ఇంటి అరుగు మీదికి చేరింది.

హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్న పెద్ద మనుమడు సెలవులకు వస్తూ ముద్రించిన కాగితాల కట్టను, ఇరవై ముఖాలు గల ఒక పాచికను తెచ్చాడు. పాచిక కనబడగానే ఇంట కొంత కలకలం పుట్టింది. ఋగ్వేదంలోనే జూదరి పరితాపాన్ని చెప్పే సూక్తం ఉన్నది. నలుడు, ధర్మరాజు పడిన పాట్లు వినని ఇల్లు లేదు. ఎనుబది ఏండ్ల నాయనమ్మ మాత్రం ఒక్క ప్రశ్న అడిగింది.

"పైసలు పెడ్తరా?"

"లేదు నాయనమ్మా, కథ చెప్పుకుంటం, అంతే."

"గట్లయితే ఆడుకోండ్రి."

ఆట తీరు ఇది. ఒకడు సూత్రధారి. తక్కినవారు తలకొక వీరుని పాత్ర వహిస్తారు. వీరుని బలాబలాలు కాగితం మీద సంఖ్యలుగా ఉంటాయి. గోడ దూకుతానని పలికినంతమాత్రాన దూకినట్లు కాదు. పాచిక వేసి, పడిన సంఖ్యకు తన బలాన్ని కూడి, సూత్రధారి చెప్పిన సంఖ్యను అందుకోవాలి. 1974లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే క్రీడతో ఈ పద్ధతి అమెరికాలో ప్రచారంలోకి వచ్చింది. 1981లో వెలువడిన ఛాంపియన్స్ అనే క్రీడ అతిమానుష శక్తులకు ధరలు కట్టింది. ప్రతి ఆటగానికి ఇన్ని పాయింట్లు అని ఉంటాయి. వాటితో శక్తులను కొనుక్కోవాలి. పెద్ద మనుమడు తెచ్చినది 2002లో మొదలై 2011 నాటికి మూడవ కూర్పుకు వచ్చిన మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్. అందులోనూ ఇదే విధానం.

ఎగరడానికి ధర కట్టడం తేలిక. కామరూపానికి ధర కట్టడమే దుర్ఘటం. గ్రద్ద కాగలవాడు ఎగిరే శక్తిని వేరుగా కొననక్కరలేదు. చేప కాగలవానికి ఈత, ఏనుగు కాగలవానికి బలం ఊరకనే వస్తాయి. ఒక్క రూకతో అంగడినంతా కొన్నట్లవుతుంది. తక్కిన ఆటగాండ్రు చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

ఈ చిక్కుకు ఛాంపియన్స్ కర్తలు చూపిన ఉపాయాలలో ఒకటి గమనింపదగినది. కొన్ని పాయింట్లను ఒక రాశిగా వేరుచేసి ఉంచుతారు. ఏ రూపం ధరించినా దానికి కావలసిన శక్తులు ఆ రాశి నుండే రావాలి; రాశిని మించి రావడానికి వీలు లేదు. ఇది విన్న పిల్లలకు మరొక వివరణ అవసరం కాలేదు. చెరువు కింద పొలాలున్న ఊరి పిల్లలు వాళ్ళు. తూము తెరిస్తే ఏ మడికి పారించినా పారేది చెరువులోని నీరే. ఆశ్చర్యమేమంటే, పతంజలి మహర్షి కైవల్యపాదంలో జాత్యంతర పరిణామాన్ని, అంటే ఒక జాతి దేహం మరొక జాతి దేహంగా మారడాన్ని చెబుతూ, సరిగా ఈ సేద్యగాని దృష్టాంతాన్నే గ్రహించాడు. రైతు నీటిని సృష్టించడు. గట్టు తొలగిస్తాడు, ప్రకృతి తానే వచ్చి నిండుతుంది. ఆ అమెరికా రచయితలు యోగసూత్రాలు చదివి ఉంటారని కాదు. వస్తువును నిజాయితీగా ఆలోచించినవారికి దారి ఒకే చోటికి పోవడం కద్దు.

రెండవ ప్రశ్న గాయానికి సంబంధించినది. చిన్న మనుమని వీరుడు లేడిగా మారి పారిపోతుండగా దెబ్బ తగిలింది. మనిషిగా తిరిగి వచ్చాక ఆ దెబ్బ ఉంటుందా, ఉండదా? డన్జన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి నియమావళి ప్రకారం రూపపరివర్తన మంత్రంతో మృగమైనవానికి తగిలిన దెబ్బలు ముందు మృగదేహం ఖాతాలో పడతాయి. ఆ ఖాతా శూన్యమైతే నిజరూపం తిరిగి వస్తుంది, మిగులు దెబ్బ మాత్రమే మనిషికి చేరుతుంది. చిన్నవాడు ఆ నియమమే కావాలన్నాడు. పప్పు ఏరుతున్న నాయనమ్మ తలెత్తి, "గా బాణం లేడికి తాకిందా, మారీచునికి తాకిందా?" అన్నది.

మారీచుడు బంగారు లేడి అయినా శరం తగిలినది మారీచునికే. కూలినప్పుడు కృత్రిమదేహం విడిపోయి రాక్షసదేహం బయటపడింది. అంతకన్న సూక్ష్మమైనది అతని భయం. రామబాణపు రుచి లోగడ ఎరిగినవాడు కనుక రకారంతో మొదలయ్యే మాట విన్నా వణికిపోతానని రావణునితో చెప్పుకున్నాడు. ఆ భయం లేడి చర్మం లోపల కూడా అతనితోనే ఉన్నది. ఆదిపర్వంలోని కిందమ మునిదీ ఇటువంటి కథే. అతడు మృగరూపంలో భార్యతో కూడి ఉండగా పాండురాజు కొట్టాడు. ముని మనుష్యవాక్కుతో శాపమిచ్చాడు. కాని మునియని తెలియక కొట్టావు గనుక బ్రహ్మహత్యాదోషం నీకు అంటదని కూడా అన్నాడు. కోపంలో ఉండి శాపమిస్తూ సైతం ఆ లెక్క తప్పలేదు. మృగరూపం ధరించినందువలన వచ్చిన ప్రమాదం ధరించినవానిదే. సూత్రధారి దెబ్బను వీరుని ఖాతాలోనే వ్రాశాడు. చిన్నవాడు గొణుగుతూ ఒప్పుకున్నాడు.

అసలు కలహం మూడవ నాడు వచ్చింది.

ఈ మూడవ కూర్పులో రూపాన్ని మాత్రమే మార్చే శక్తి ఒకటి ఉన్నది. బలం రాదు, విద్య రాదు, ఆకారం మాత్రమే వస్తుంది. కర్కోటకుని కాటుతో బాహుకుడైన నలునికి అశ్వవిద్య, పాకవిద్య పోనట్లే ఇక్కడా లోపలిది మారదు. అయితే ఎదుటివారు కనిపెట్టకుండా పాచిక సంఖ్యకు ఇరవై కలుస్తుంది. అంటే సామాన్యులకు పట్టుబడడం దాదాపు అసంభవం. చిన్న మనుమడు ఈ శక్తితో పొరుగింటి అబ్బాయి వీరుని రూపం ధరించి, నగరంలో అందరూ చూస్తుండగా ఖజానా పగులగొట్టాడు. శత్రువును బయటికి రప్పించే పన్నాగం అది. పన్నాగం ఫలించింది, శత్రువు చిక్కాడు. కాని మరునాటి కథలో నగరప్రజలు పొరుగింటి అబ్బాయి వీరునిపై రాళ్ళు రువ్వారు. సూత్రధారి తప్పేమీ లేదు. చూసినవారు చూసినదే నమ్ముతారు.

"నా వీరుడు ఊర్లోనే లేడు కదా," అన్నాడు ఆ అబ్బాయి.

"అయితేంది, గెలిచినం కదా," అన్నాడు చిన్నవాడు.

ఆ అబ్బాయి తన కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు. రెండు దినాలు రాలేదు. క్రిందటి ఏడు ఒక తోటలో మామిడికాయలు రాలగొట్టినది ఒకడు, మాట పడినది ఇతడు. ఆ సంగతి ఆట కాగితం మీద లేదు. అరుగు మీద కూర్చున్నవారందరికీ తెలుసు.

నియమావళి తిరగవేస్తే రూపం అరువు తీసుకున్నవాడు ఎన్ని పాయింట్లు చెల్లించాలో ఉన్నది. ఎవని రూపం పోయిందో వానికి జరిగే నష్టం ఆ లెక్కలో లేదు. ఈ మాట నాయనమ్మకు ఎవరు చెప్పారో గాని, రాత్రి భోజనాల వేళ ఆమె చిన్నవానిని దగ్గరికి పిలిచింది. "లేడి ఏషమేస్తె లేడికేం నష్టం లేదు బిడ్డా. సచ్చేటప్పుడు రాముని గొంతు తీసుకున్నడు సూడు, గండ్లున్నది మోసం."

నిజమే. సువర్ణమృగాన్ని లక్ష్మణుడు ముందే శంకించాడు. ఇది మారీచుని మాయ అని పేరు పెట్టి మరీ చెప్పాడు. రూపం అంత దుర్భేద్యమైనది కాదు. "హా సీతా, హా లక్ష్మణా" అన్న కంఠస్వరం రామునిది కావడమే ఇల్లు కూల్చింది. ఆ స్వరం అరువు తెచ్చుకున్నవాడు క్షణంలో చచ్చిపోయాడు. ఆ స్వరాన్ని నమ్మనందుకు లక్ష్మణుడు వినరాని మాటలు పడ్డాడు. నమ్మినందుకు సీతమ్మ లంకకు పోయింది. ఇప్పుడు యంత్రసాయంతో కొడుకు గొంతు అనుకరించి ఫోనులో డబ్బు గుంజే మోసగాండ్ర వార్తలు చదువుతున్నవారికి ఈ ఘట్టం మునుపటికన్న దగ్గరగా వినిపిస్తుంది. గౌతముని రూపం ధరించిన ఇంద్రుని విషయంలోనూ ముని శాపం వెదుక్కుంటూ పోయినది ఇంద్రుని వద్దకే, గౌతమాకృతి వద్దకు కాదు. వేదాంతులు నటుని దృష్టాంతం చెప్పి, వేషం ఉన్నా లేకున్నా పురుషుడు ఒక్కడే అంటారు. ఆ మాటను ఆత్మనిత్యత్వానికే పరిమితం చేసి చదవడం అలవాటైపోయింది. అదే మాట కర్తృత్వానికీ వర్తిస్తుంది. వేషం వేసుకుని చేసిన పనికి కర్త వేషం కాదు.

మరునాటి ఉదయం చిన్నవాడు నియమాల కాగితం అంచున పెన్సిలుతో మూడు వాక్యాలు వ్రాశాడు. పేరు లేని రూపమైతే పాత ధరే. తోటి ఆటగాని వీరుని రూపమైతే అతని అనుమతి ఉండాలి. వచ్చిన నింద తొలగేదాకా తెచ్చుకున్నవాడు కొత్త శక్తి ఏదీ కొనకూడదు. ఆ కాగితం పట్టుకుని తానే పొరుగింటికి పోయాడు. అక్కడ ఏమి మాట్లాడుకున్నారో తెలియదు. చాలాసేపటికి గాని తిరిగి రాలేదు.

సాయంకాలం నలుగురూ అరుగు మీద చేరారు. పొరుగింటి అబ్బాయి కొంత ఎడంగా, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. పెన్సిలు వాక్యాలలో "తొలగేదాకా" అన్న మాట కింద గీత గీసి ఉన్నది. అది అతని పని. ఆట మొదలైంది. మనుమరాలి వీరవనిత చుంచెలుకగా మారి కారాగారపు ఊచల సందున దూరబోతుండగా, చేతిలోని తాళంచెవి ఏమవుతుందని సూత్రధారి అడ్డు తగిలాడు. దానితో పాటు చిన్నది కాదా అని ఆ పిల్ల వాదించింది. హనుమ సురస నోట అంగుష్ఠమాత్రుడై దూరినప్పుడు రాముడిచ్చిన ఉంగరం ఎక్కడ పెట్టుకున్నాడో చెప్పమని నాయనమ్మను నిలదీసింది. నాయనమ్మ చాలాసేపు ఆలోచించి, దీపం పెట్టే వేళయిందని లేచి లోపలికి పోయింది.