మీట ఎవరి చేతిలో ఉంది?

మహానందికి సమీపాన, నల్లమల కొండల పాదాల వద్ద మాకు రెండెకరాల అరటితోట ఉంది. లెక్క వ్రాయకుండా ఏ ఖర్చూ చేయని ఇల్లు మాది. పిలకల ధర మొదలుకొని గెలలను నంద్యాలకు చేర్చే బండి బాడుగ వరకు అన్నీ ఒకే నోటు పుస్తకంలో ఉంటాయి. అందుచేత, దుబాయ్ నుండి సెలవుపై వచ్చిన మా తమ్ముడు ఒక రాత్రి ఇషా నమాజు తరువాత ఆ పుస్తకాన్నే తెరిచి, "భాయిజాన్, భాభీ, ఈ లెక్క కాస్త చూసిపెట్టండి" అన్నప్పుడు మా దంపతులకు వింతగా తోచలేదు. ఆ లెక్క దేనిదో తెలిసిన తరువాత మాత్రం కొంతసేపు నోట మాట రాలేదు.

అతడు పన్నెండేళ్లుగా రోజుకు పది సిగరెట్లు కాలుస్తున్నాడు. వాటిని మాని, ఎలక్ట్రానిక్ సిగరెట్ కొనుక్కోవాలని ఆలోచన. వోల్టేజిని పెంచుకొని, తగ్గించుకొనే మీట ఉన్న బ్యాటరీ ఒకటి, ద్రవం నింపుకొనే ట్యాంకు ఒకటి. తక్కువ ధరలో ఏది మన్నుతుందన్నదే అతని ప్రశ్న.

కోప్పడడం తేలిక. కాని మా అబ్బా బీడీల వల్ల ఆయాసం ముదిరి, చివరి రెండేళ్లు గోడకు ఆనుకొని కూర్చునే నిద్రపోయారు. ఎందరు మందలించినా ఆయన మానలేకపోయారు. తమ్ముడు మానాలనుకోవడమే మాకు గొప్ప విషయంగా కనిపించింది. కనుక ముగ్గురం కలిసి లెక్కకు కూర్చున్నాము.

బ్యాటరీ, ట్యాంకు ఒక్కసారి కొనేవి. అవి అరటి పిలకల వంటివి. అసలు ఖర్చు ఎరువులది, నీటిది. ఇక్కడ ఎరువు స్థానంలో ఉన్నవి నికోటిన్ కలిపిన ద్రవము, వారం రెండు వారాలకు మాడిపోయే కాయిల్. తమ్ముడు ఎలక్ట్రీషియన్ కావడం వల్ల తానే కాగితంపై గుణించి చూపాడు. 1.5 ఓమ్‌ల కాయిల్‌కు 3.7 వోల్టులు ఇస్తే వేడి సుమారు 9 వాట్లు. మీటను 4.8 వోల్టులకు త్రిప్పితే 15 వాట్లు. అంటే వోల్టేజి 30 శాతం పెరిగితే వేడి దాదాపు 70 శాతం పెరుగుతుంది. ఆవిరి దట్టంగా వస్తుంది, ద్రవం త్వరగా అయిపోతుంది, కాయిల్ త్వరగా మాడుతుంది.

ఖర్చుతో పాటు హాని సంగతీ ఉంది. 3.3 వోల్టుల వద్ద కనిపించని ఫార్మాల్డిహైడ్ సమ్మేళనాలను 5 వోల్టుల వద్ద గుర్తించినట్లు 2015లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. అంత వేడి ఆవిరిని ఎవరూ పీల్చలేరని కొందరు శాస్త్రజ్ఞులు ఆక్షేపించారు. పొగ త్రాగేవారు పూర్తిగా దీనికి మారితే హాని తగ్గుతుందని బ్రిటన్ వైద్యులు చెబుతారు. ఇవన్నీ న్యాయంగా చూసుకున్నాము. అయినా ఒక ప్రశ్న మిగిలింది. ఆ మీటను త్రిప్పేది ఎవరు? అలసిన రాత్రి, గది ఒంటరితనంలో, మనసు ఇంకొంచెం కావాలన్నప్పుడు దానిని ఏ వైపుకు త్రిప్పుతాము?

చట్టం మరొక ముడి వేసింది. తమ్ముడు మరుసటి ఏడు ఇక్కడికే వచ్చి స్థిరపడాలనుకుంటున్నాడు. మన దేశంలో 2019 సెప్టెంబరు 18 నుండి ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన నేరాలు. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంటికి తెచ్చుకోలేని అలవాటును అక్కడ క్రొత్తగా నేర్చుకోవడమెందుకు?

ఇంతలో తలుపు చాటున నిలిచిన మా అబ్బాయి, తొమ్మిదవ తరగతి వాడు, "చాచా, వాటిలో మామిడిపండు రుచి కూడా ఉంటుందట కదా?" అన్నాడు. ఆ మాట వాడికి ఎవరు చెప్పారో మేము ఆ రాత్రి అడగలేకపోయాము. తమ్ముడు మాత్రం కలం క్రింద పెట్టేశాడు.

అప్పుడు మేము ఒక్కటే గుర్తు చేశాము. "రమజానులో సహరీ నుండి ఇఫ్తార్ వరకు పదమూడు, పద్నాలుగు గంటలు సిగరెట్ ముట్టవు కదా, బాబూ. ఆ మీట అప్పుడు నీ చేతిలోనే ఉంది." అతడు తల వంచుకొని, "ఇఫ్తార్ తరువాతే కష్టం, భాభీ" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. అక్కడి నుండే మొదలుపెట్టాము. మరునాడు 1800-11-2356 అనే ప్రభుత్వ ఉచిత నంబరుకు ఫోన్ చేశాడు. నంద్యాలలో వైద్యుణ్ణి కలిసి, ఆయన సలహాతో నికోటిన్ చూయింగ్ గమ్ తీసుకున్నాడు. మా అబ్బాయితో విడిగా కూర్చొని, ఆ మామిడి రుచి వెనుక ఏముందో తన నోటితోనే చెప్పాడు.

అతడు తిరిగి వెళ్లి ఏడు నెలలు. రెండుసార్లు తప్పాడు, రెండుసార్లూ తానే చెప్పాడు. దేహమూ ధనమూ మనకు అప్పగించబడిన అమానతులని చిన్ననాటి నుండి వింటున్నాము. వాటి లెక్క ఇంత చిన్న పద్దు దగ్గర మొదలవుతుందని మాకు ఆ రాత్రి తెలిసింది. ఆ పుట ఇంకా మా పుస్తకంలోనే ఉంది. ట్యాంకు, బ్యాటరీల ధరల ఎదుట గీత కొట్టి, సిగరెట్లు మానడం వల్ల మిగిలిన సొమ్మును ప్రతి నెలా క్రింద వ్రాసుకుంటున్నాము. అది అతని కూతురి చదువు పద్దు.