వందనాల తర్వాత ఏం మాట్లాడుకుందాం?

మన సంఘాల్లో ఆదివారం ఆరాధన ముగిశాక ఒక అరగంట ఉంటుంది. ఆశీర్వాదం అయిపోయి, పాస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పలకరించి పంపుతుంటారు. చెప్పులు వెతుక్కునేవాళ్ళు, స్కూటీ స్టాండు తీసేవాళ్ళు, పిల్లల్ని కేకేసేవాళ్ళు. ఆ అరగంట చెవి పెట్టి వింటే మన సహవాసం సంగతంతా తెలిసిపోతుంది.

"వందనాలండీ."

"వందనాలు. బాగున్నారా?"

"దేవుని కృప."

అక్కడితో దేవుడి ప్రస్తావన సరి. ఆపైన అబ్బాయి వీసా, అమ్మాయి సంబంధం, మోకాళ్ళ నొప్పులు, ఊరి బయట వెంచరులో గజం ధర.

ఈ మాటలు తప్పని నేననను. మోకాళ్ళ నొప్పి చెప్పుకోవడానికైనా ఒక మనిషి కావాలి. పెళ్ళి సంబంధాలు కలిసేది కూడా చాలావరకు చర్చి ఆవరణలోనే. కాకపోతే రెండు గంటలసేపు పాపం గురించీ కృప గురించీ నిత్యజీవం గురించీ పాడి, విని, ఆమేన్ అన్నవాళ్ళం గుమ్మం దాటగానే ఆ ఊసే ఎత్తం. సినిమా చూసొచ్చినవాళ్ళు కూడా హాలు బయట నిలబడి, ఇంటర్వెల్ దాకా బాగుంది, తర్వాత సాగదీశాడని కాసేపు మాట్లాడుకుంటారు. మనం మాత్రం "మంచి వాక్యం అందించారండీ" అని ఒక్క ముక్కతో తేల్చేస్తాం.

భక్తి తక్కువై ఇలా జరుగుతోందని నాకు అనిపించదు. విశ్వాసం గురించి మాట్లాడే పనిని మనం మైకుకు అప్పగించేశాం. మైకు ముందుకు వెళ్ళగానే మనిషి గొంతే మారిపోతుంది. ఇంట్లో "జ్వరం తగ్గింది" అనే ఆయన అక్కడ "ప్రభువు నన్ను స్వస్థపరచియున్నాడు" అంటాడు. చిన్నప్పటినుంచీ విన్న బైబిలు భాష అది, తప్పులేదు. కానీ ఆ భాష పట్టుబడనివాడు తనకు చెప్పడం రాదనుకుని ఊరుకుంటాడు. పట్టుబడినవాడు రెండో వాక్యానికే ప్రసంగంలోకి దిగుతాడు. పైగా సాక్ష్యానికి ఒక వరస ఉంది: కష్టం వచ్చింది, ఉపవాసముండి ప్రార్థించాం, తీరింది. తీరని కష్టానికి ఆ వరసలో చోటు లేదు. ఏళ్ళ తరబడి ప్రార్థిస్తున్నా భర్త తాగుడు మానని ఇల్లాలు మైకు ముందుకు వచ్చి ఏం చెబుతుంది? "దేవుని కృప" అని నవ్వి ఆటో ఎక్కుతుంది.

మరి మైకు లేని మాట ఎలా ఉంటుంది? 'యాత్రికుని ప్రయాణం' రాసిన జాన్ బన్యన్ ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌లో పాత్రలకు మాట్లు వేసి బతికేవాడు. ఒకరోజు పనిమీద వీధిలో పోతుంటే ముగ్గురో నలుగురో పేద స్త్రీలు ఒక గుమ్మంలో ఎండకు కూర్చుని దేవుడి సంగతులు మాట్లాడుకుంటూ కనిపించారు. మతం గురించి గడగడా మాట్లాడటం తనకూ వచ్చు గనక దగ్గరికి వెళ్ళాడు. వింటే ఒక్క ముక్కా అంతుపట్టలేదు. దేవుడు తమ మనసులో ఏం చేశాడో, తాము ఎక్కడ జారిపోతున్నారో, ఏ వాగ్దానం తమను నిలబెట్టిందో వాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. సంతోషమే వాళ్ళచేత మాట్లాడిస్తున్నట్టు ఉందని 1666లో అచ్చయిన తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళాడు. వాళ్ళే అతన్ని తమ కాపరి జాన్ గిఫర్డ్‌కు పరిచయం చేశారు. అంత పెద్ద రచయితను కదిలించింది గుమ్మంలో ఎండకాగుతున్న ఆడవాళ్ళ కబుర్లు. వాళ్ళ పేర్లు కూడా ఆ పుస్తకంలో లేవు.

మెథడిస్టుల కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1742లో బ్రిస్టల్‌లో జాన్ వెస్లీ అనుచరుల మందిరం మీద అప్పుంది. తలా వారానికి ఒక పెన్నీ వేసుకుంటే తీరిపోతుందని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. పన్నెండేసి మందికి ఒకరిని పెట్టి ఇంటింటికీ పంపారు. డబ్బులకని వెళ్ళినవాళ్ళకు ఆ ఇళ్ళలో సంగతులన్నీ తెలిశాయి: ఎవరు చిక్కుల్లో ఉన్నారు, ఎవరి విశ్వాసం సడలింది, ఎవరు చర్చికి వస్తూనే పాత అలవాటుకు జారారు. తాను ఎంతోకాలంగా వెతుకుతున్నది ఇదేనని వెస్లీ గుర్తుపట్టాడు. వారం వారం ఒకచోట కూడి 'నీ ఆత్మ ఎలా ఉంది' అని ఒకరినొకరు అడిగి తెలుసుకునే క్లాసు మీటింగులు అలా పుట్టాయి. మన సంఘాల్లోనూ చందా రసీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళే పెద్దలున్నారు. రసీదు చించి ఇచ్చాక ఇంకొక్క పది నిమిషాలు కూర్చోవచ్చు కదా.

మన ఒంగోలు ప్రాంతపు చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. తాను నమ్మిన సంగతిని తనవాళ్ళ మధ్య, తాను తిరిగే పల్లెల్లో చెప్పుకుంటూ పోయాడు. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కథలో కరువూ ఉంది, మిషనరీ జాన్ క్లౌ చేయించిన బకింగ్‌హామ్ కాలువ పనీ ఉంది. కానీ మాట పల్లె నుంచి పల్లెకు పాకింది చుట్టరికాల వెంట, పనిపాటల మధ్య. అప్పుడు మైకులు ఎక్కడివి?

ఇలాంటి మాట మన మధ్య బొత్తిగా లేకపోలేదు. ఒక ప్రేమవిందు రోజున చర్చి వెనక షెడ్డు కింద ఇద్దరు ఆడవాళ్ళు కూరలు తరుగుతూ అనుకుంటుంటే విన్నాను.

"ఏం పిన్నిగారూ, అయ్యగారు క్షమించడం గురించి చెబుతుంటే తల దించేసుకున్నారు?"

"మా తోడికోడలు గుర్తొచ్చిందమ్మా. మాటల్లేక ఆరేళ్ళయింది."

"నాకు మా పెద్దన్నయ్య గుర్తొచ్చాడు. పొలం గొడవ."

"మరేం చేద్దామనుకుంటున్నావే?"

"తెలీడం లేదు పిన్నిగారూ. మీరైతే ఏం చేస్తారు?"

"నాకూ తెలీదు. పేరుపెట్టి ప్రార్థన చేద్దాం. ముందు ఆ ఉల్లిపాయలు ఇటివ్వు."

ఇద్దరూ ఒక్క వచనం ఎత్తలేదు. అయినా ఆ రోజు ప్రసంగం ఎక్కడికి చేరాలో అక్కడికి చేరింది.

ఈ మాటలకు ఒక జబ్బు కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పు. "ప్రార్థనకోసమే చెబుతున్నా, ఎవరితోనూ అనకండి" అని మొదలైన సంగతి సాయంత్రానికి మూడు వీధులు దాటుతుంది. ఒక పిల్ల బాధ ప్రార్థన మనవి పేరుతో వాట్సాప్ గ్రూపులోకి ఎక్కుతుంది. ఒకసారి అలా కాలినవాళ్ళు మళ్ళీ జన్మలో నోరు విప్పరు. ఆధ్యాత్మిక సంభాషణ కావాలనుకునే సంఘం ముందుగా గుట్టు దాచడం నేర్చుకోవాలి.

రెండోది వచనం విసిరే తొందర. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు కూర్చోగానే అన్నీ మేలుకే జరుగుతాయనేస్తాం. యోబు స్నేహితులు అతని పక్కన ఏడు రోజులు నేలమీద కూర్చుని నోరు మెదపలేదు. వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. మాట్లాడటం మొదలుపెట్టాక దేవుడిచేతే చీవాట్లు తిన్నారు. ఎమ్మాయు దారిలో ఆమడ దూరం నడిచిన ఇద్దరు శిష్యులూ జయగీతాలేం పాడుకోలేదు. ఎంతో ఆశపెట్టుకున్నాం, ఇలా అయిందని దిగులుగా చెప్పుకుంటూ నడిచారు. యేసు వచ్చి కలిసింది ఆ దిగులు మాటల మధ్యనే. ముందు ఏం మాట్లాడుకుంటున్నారని అడిగి, వాళ్ళు చెప్పేది విన్నాడు. లేఖనాలు విప్పింది ఆ తర్వాతే.

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం దేవుడి మాటలు ఎక్కడెక్కడ మాట్లాడుకోవాలో చెబుతుంది: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. వాటిలో గుడి లేదు, వేదిక లేదు. ఇందుకోసం మనం కొత్తగా కమిటీ వెయ్యక్కర్లేదు, ఇంకో మీటింగూ పెట్టక్కర్లేదు. బుధవారం గృహ ప్రార్థన ఎలాగూ ఉంది, ఆ తర్వాత టీ ఎలాగూ ఉంది. కప్పు పట్టుకుని పక్కవాళ్ళను "ఇవాళ విన్నదాంట్లో మీకు ఏది తగిలింది?" అని అడగవచ్చు. అడిగి ఊరుకోకుండా ముందు మన సంగతి చెప్పాలి. "ఈ వారం నాకు ప్రార్థన చెయ్యబుద్ధి కాలేదండీ" అని ఒకరు నిజం చెబితే ఎదుటివారికి ధైర్యం వస్తుంది. ముఖ్యంగా సంఘ పెద్దలు ఇది మొదలుపెట్టాలి. వాళ్ళు ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తుంటే మిగతావాళ్ళు నోరు తెరవరు.

వచ్చే ఆదివారం గజం ధర కనుక్కోండి, వీసా సంగతీ అడగండి. వెళ్ళబోయే ముందు ఒక్కరితో, ఒక్కరంటే ఒక్కరితో, "దేవుని కృప" దగ్గర ఆగిపోకుండా ఇంకొక్క ముక్క మాట్లాడండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే తెలియడం లేదనే చెప్పండి. అదే మంచి మొదలు.