మా పండుకి గుండు వద్దన్నాను

మార్చి వచ్చిందంటే చాలు, మా ఇంట్లో తెల్ల బొచ్చు లేని చోటు ఉండదు. దిండు గలీబుల మీద అదే, మావారి నల్ల ప్యాంటు మీద అదే, ఒక్కోసారి పెరుగన్నంలో కూడా అదే. మా పండు పొమేరియన్. నిజానికి వాడు మా అమ్మాయి కుక్క. తను చదువుకని బెంగళూరు వెళ్తూ వాణ్ణి నాకు అప్పజెప్పి పోయింది.

అత్తయ్యగారికి ఆయాసం. ఇన్‌హేలర్ తలగడ పక్కనే ఉంటుంది. రెండు వేసవుల కిందట ఆవిడకి రాత్రిళ్ళు దగ్గు ఎక్కువైంది. మావారు తేల్చి చెప్పేశారు, "వాడికి గుండైనా కొట్టించు, లేదా ఎవరికైనా ఇచ్చెయ్" అని. కన్నతల్లి దగ్గుతుంటే ఏ కొడుకైనా అంతే అంటాడు. కానీ ఆ మాట అమ్మాయికి ఫోన్‌లో ఎలా చెప్పను?

పశువుల డాక్టరుగారి దగ్గరికి వెళ్తే ఆయన గుండు వద్దే వద్దన్నారు. పండులాంటి కుక్కలకి బొచ్చు రెండు పొరలట. పైన పొడుగ్గా, కాస్త గరుగ్గా ఉండేది ఒకటి. దాని కింద మెత్తగా, దూదిలా ఉండేది ఇంకొకటి. మనం నూనూగు మీసాలు అంటామే, ఆ నూగన్నమాట. (తెలుగు బి.ఏ. ఇలాంటప్పుడైనా పనికొస్తుంది.) ఇల్లంతా ఎగిరేది ఎక్కువగా ఆ నూగే. పై పొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తుంది. గుండు కొట్టిస్తే ఆ గొడుగు పోతుంది. పైగా పొమేరియన్లకి ఒక్కోసారి బొచ్చు మళ్ళీ సరిగ్గా రాదు, మచ్చలు మచ్చలుగా ఉండిపోతుంది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయట పెట్టి రొప్పే ఒళ్ళు చల్లబరచుకుంటుంది. గుండు కొట్టించినంత మాత్రాన చల్లగా ఉంటుందని చెప్పలేం.

అత్తయ్యగారి డాక్టరమ్మ ఇంకో మాట చెప్పారు. ఇబ్బంది ఒక్క బొచ్చుతోనే కాదట, కుక్క ఒంటి మీంచి రాలే పొట్టుతోనూ, ఎంగిలితోనూ అట. అందుకని అప్పటినుంచీ ఆవిడ గది గుమ్మం పండు దాటడానికి లేదు. దువ్వడం డాబా మీదే, మూతికి మాస్కు కట్టుకుని నేనే.

ఇక దువ్వెనలు. పండుకి రెండున్నాయి. ఒకటి స్లిక్కర్ బ్రష్, సన్నటి వంపు తీగలు గుచ్చినట్టుంటుంది. రెండోది ఇనప దువ్వెన, ఒక సగం వెడల్పు పళ్ళు, ఒక సగం దగ్గర పళ్ళు. బ్రష్ కొనేముందు మీ ముంజేతి మీద మెల్లగా గీసి చూడండి. మీకు గీరుకుంటే కుక్కకీ గీరుకుంటుంది. చౌక వాటిలో తీగల కొనలు మరీ వాడిగా ఉంటాయి. బొచ్చు రాలే నెలల్లో నూగు లాగే రేక్ కూడా వాడతాను, వారానికి ఒక్కసారే, చెయ్యి తేలిగ్గా పెట్టి. పైపైన దువ్వితే లాభం లేదు. ఎడమచేత్తో బొచ్చు పైకి పట్టుకుని, పాపిడి తీసినట్టు తీసి, మొదలు కనబడేలా వరసలు వరసలుగా దువ్వాలి. అలా మొదటిసారి దువ్విన రోజు క్యారీబ్యాగు నిండా నూగు వచ్చింది. మావారికి చూపిస్తే ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం ఇంకో మాస్కుల పెట్టె తెచ్చిపెట్టారు.

అత్తయ్యగారి దగ్గు పూర్తిగా పోయిందని అనను. రాత్రి లేవడం మాత్రం తగ్గింది. పండుని ఇచ్చెయ్యమన్న మాట మళ్ళీ రాలేదు. ఆవిడే వరండాలో కుర్చీలోంచి, "తొడల దగ్గర వదిలేశావమ్మా" అని వంకలు పెడుతుంటారు.

మా గేటు దగ్గర నాటుకుక్క రాజుకి ఈ హంగామా ఏదీ అక్కర్లేదు. పొట్టి బొచ్చు, రబ్బరు బ్రష్‌తో గుండ్రంగా రుద్దితే సరి. వాడికి ఆ పని ఎంత ఇష్టమో, బ్రష్ చూడగానే వెల్లకిలా పడుకుంటాడు. వాడి విషయంలో దువ్వెన కన్నా కళ్ళు ముఖ్యం. చెవుల వెనక, కాలివేళ్ళ సందుల్లో గోమార్లు వెతకాలి, వాటివల్ల జ్వరాలొస్తాయి.

పై అంతస్తులో అమ్మాయికి షీట్జూ ఉంది. దాని బొచ్చు అంతగా రాలదు, మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. రాలదు కదా అని ఊరుకుంటే చిక్కుపడి జడలు కడుతుంది. ఆడపిల్లల్ని పెంచినవాళ్ళకి ఆ చిక్కు తీయడం నేర్పక్కర్లేదు. మొదలు పట్టుకుని, కొసల నుంచి పైకి రావాలి. స్నానానికి ముందే తీసెయ్యాలి, నీళ్ళు పడితే చిక్కు ఇంకా బిగుస్తుంది. కత్తెర మాత్రం పెట్టకండి. చిక్కుతోపాటు చర్మమూ పైకి లేచి తెగుతుంది.

ఆ అమ్మాయికి చంకలో మూడు నెలల పసిబిడ్డ. దానికేమో చంకల కింద జడలు చర్మానికి అంటుకుపోయాయి. అలాంటప్పుడు దువ్వడం హింసే, తెలిసినవాళ్ళ చేత మెషీన్‌తో తీయించడమే మేలు. రెండు పొరల పండుకి వద్దన్నది దీనికి పనికొస్తుంది. ఇప్పుడు నెలన్నరకోసారి పొట్టిగా కత్తిరింపిస్తోంది, రోజూ రెండు నిమిషాలు దువ్వితే చాలు. ఆ దువ్వెన నాదే. తీసుకెళ్ళి మూడు వారాలైంది, ఇంకా దించలేదు.