మనదేనేట్రా?

ఈ సంచికకి గోల్ఫ్ మీద రాస్తానని చెప్తే మా ఎడిటర్ అక్క ఒకటే ప్రశ్న అడిగింది: "మీరంత డబ్బున్నోళ్ళా?"

కాదు. ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. మా నాన్నకి గోల్ఫ్ అంటే టీవీలో ఛానల్ మార్చాల్సిన టైమ్. ఆడేది మా పెదనాన్న. విశాఖపట్నం పోర్టులో ముప్పై ఏళ్ళు పైగా ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నప్పుడెప్పుడో, అందరూ స్థలాలు కొంటుంటే, ఆయన గోల్ఫ్ క్లబ్‌లో మెంబర్‌షిప్ తీసుకున్నారు. ఆ విషయం మీద పెద్దమ్మ ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు. "ఆ డబ్బు మధురవాడలో పెట్టుంటేనా" అని మొదలుపెడితే భోజనం అయ్యేదాకా ఆగదు.

2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఆడుతున్నప్పుడు పెదనాన్న నన్ను తెల్లవారకుండానే లేపి టీవీ ముందు కూర్చోబెట్టారు. ఆమె నాలుగో స్థానంలో ఆగిపోయింది. ఒక్క స్ట్రోక్ తేడాతో పతకం పోయింది. రూల్స్ ఏమీ తెలియని నాకే కడుపులో ఏదో అయింది. ఆ తర్వాతి వేసవి సెలవుల నుంచి ఆయన పాత క్లబ్బులు పట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. ఎలా ఆడతానని అడక్కండి. నా బాల్ ఎప్పుడూ నేను చూసే వైపు తప్ప అన్ని వైపులకీ వెళ్తుంది.

పోయిన మే నెలలో సెకండ్ సెమ్ పరీక్షలు రాసి ఇంటికెళ్ళాను. వెళ్ళిన రెండోరోజే పెదనాన్న ఫోన్.

"ఒరే నానా, ఆదివారం ఫోర్‌సమ్స్ టోర్నమెంట్ ఉంది. నువ్వు నా పార్ట్‌నర్‌వి. పేరిచ్చేశాను."

ఆయన పాత పార్ట్‌నర్ అంకుల్ అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. క్లబ్‌లో నాకంటే బాగా ఆడేవాళ్ళు కనీసం వందమంది ఉంటారు. నన్నెందుకు అంటే, "ఇంటోడివి కదా" అన్నారు. నేను నమ్మేశాను.

ఫోర్‌సమ్స్ అంటే ఏంటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు, కాబట్టి రెండు నిమిషాలు ఓపిక పట్టండి. ఇద్దరు పార్ట్‌నర్లకి ఒకటే బాల్. ఒక షాట్ నువ్వు, తర్వాతి షాట్ నేను, అలా హోల్‌లో పడేదాకా వంతులవారీగా కొట్టాలి. ఒకరు బేసి నంబర్ హోల్స్‌లో మొదటి షాట్ కొడితే, ఇంకొకరు సరి నంబర్ హోల్స్‌లో కొడతారు. అంటే నువ్వు చేసిన చెత్త నీ పార్ట్‌నర్ ఎత్తాలి. ల్యాబ్‌లో పెయిర్ ప్రోగ్రామింగ్ లాంటిదే, కాకపోతే ఇక్కడ అండూ బటన్ ఉండదు. ఇంకోటి హేండీక్యాప్. బాగా ఆడనివాళ్ళకి కొన్ని స్ట్రోకులు తగ్గించి లెక్కేస్తారు. పెదనాన్నది 18, నాది 28. ఫోర్‌సమ్స్‌లో రెండూ కూడి సగం చేస్తారు. మాకు 23. కొట్టినవాటిలోంచి 23 తీసేస్తే మా స్కోరు.

ఆదివారం ఉదయం ఆరింటికి మొదలు. వైజాగ్ మే నెల గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండ రాకముందే ఉక్కపోత వచ్చేస్తుంది. మొదటి హోల్ దగ్గరికి వెళ్ళేసరికే టీషర్టు వీపుకి అంటుకుపోయింది. మాతోపాటు ఆడేది ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, ఇంకొకాయన డాక్టర్. మా బ్యాగ్ మోసే క్యాడీ అన్న పెదనాన్నతో ఎన్నో ఏళ్ళుగా ఉన్నాడు. (క్యాడీ అంటే మన సినిమాల్లో కేడీ కాదు. నిజానికి ఆ కోర్సులో ఏ గడ్డి ఎటు వాలుతుందో తెలిసిన ఏకైక మనిషి.)

మొదటి హోల్‌లో పెదనాన్న కొట్టారు. బాల్ బాగానే వెళ్ళింది. వెంటనే, "ఎటెళ్ళింది?" అని అడిగారు. "స్ట్రెయిట్‌గానే" అన్నాను. అందరూ అడిగే మాటే కదా అనుకున్నాను.

మూడో హోల్‌లోనూ అదే. ఐదో హోల్‌లోనూ అదే. స్కోర్ కార్డు నా చేతికిచ్చి "నీ రాత బాగుంటాది, నువ్వే రాయి" అన్నారు. నా రాత ఎలా ఉంటుందో మా ల్యాబ్ రికార్డులు దిద్దే మేడమ్‌ని అడగండి. గ్రీన్ మీద పుట్ కొట్టేముందు "జెండా తీయకు, ఉండనీ" అనేవారు. ఒకసారి ఆయన నిలబడ్డ తీరు చూస్తే హోల్‌కి మూడడుగులు పక్కకి గురిపెట్టి ఉన్నారు. క్యాడీ అన్న ఏమీ అనకుండా వెళ్ళి జెండా కర్ర పట్టుకుని కొంచెం ఊపాడు. పెదనాన్న కాళ్ళు సర్దుకున్నారు.

అప్పటికి కూడా నాకు వెలగలేదు. కోడ్‌లో సెమీకోలన్ మర్చిపోతే కంపైలర్ చెప్తుంది. మనుషుల్లో ఎర్రర్ మెసేజ్ రాదు.

తొమ్మిది హోల్స్ అయ్యాక మజ్జిగ తాగడానికి ఆగాం. పెదనాన్న మొహం కడుక్కోడానికి వెళ్ళారు. క్యాడీ అన్న నా పక్కకొచ్చి చిన్నగా అన్నాడు.

"బాబూ, సార్‌కి సరిగ్గా కనపడదు. మీకు తెలుసనుకున్నాను."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళయిపోద్ది. ఆ పాత సార్ ఉన్నప్పుడు ఆయన చూసి చెప్పేవోరు. ఇప్పుడు ఎవరికైనా తెలిస్తే ఆడొద్దంటారని బెంగ."

మజ్జిగ గొంతులో ఆగిపోయింది. నన్ను పార్ట్‌నర్‌గా ఎందుకు పిలిచారో అప్పుడు అర్థమైంది. ఆయనకి కావాల్సింది నా ఆట కాదు, నా కళ్ళు. కొంచెం కోపం వచ్చింది. కొంచెం సిగ్గేసింది. నెలకోసారి ఇంటికెళ్తాను, ఆయన ఇంట్లో చేపల పులుసు తింటాను, ఇన్‌స్టా చూసుకుంటూ "ఊఁ పెదనాన్నా" అంటాను. ఎదురుగా కూర్చున్న మనిషి నా మొహం కూడా సరిగ్గా చూడట్లేదని తెలుసుకోడానికి నాకు ఒక క్యాడీ కావాల్సొచ్చాడు.

పదో హోల్ నుంచి అడక్కముందే చెప్పడం మొదలుపెట్టాను. "కుడిపక్క, పెద్ద చెట్టుకి ఇవతల." "గ్రీన్ ముందు ఆగింది, ఇరవై అడుగులు." ఆయన ఏమీ అనలేదు. కానీ అడగడం మానేశారు. వింతేంటంటే మా ఆట బాగుపడింది. పద్నాలుగు హోల్స్ అయ్యేసరికి నేను మనసులో లెక్కలు వేస్తున్నాను. ప్రైజులు మొదటి మూడు జట్లకి. ఇలాగే ఆడితే రావచ్చేమో అనిపించింది. నాకు స్కూల్లో క్విజ్‌లో వచ్చిన స్టీలు గ్లాసు తప్ప జీవితంలో ఇంకో ప్రైజు లేదు.

పదిహేనో హోల్, పార్ 4. బేసి నంబర్, కాబట్టి పెదనాన్న వంతు. గట్టిగా కొట్టారు. బాల్ కుడివైపు తిరిగి సరుగుడు చెట్ల కింద, పొదల అంచున దిగింది. దిగిన చోటు చూశాను, దొరుకుతుందిలే అనుకున్నాను. అందుకే ఇంకో బాల్ కొట్టి ఉంచుకోవాలన్న ఆలోచన రాలేదు.

అక్కడికెళ్ళాక వెతకడం మొదలుపెట్టాం. రూల్ ప్రకారం 3 నిమిషాలే టైమ్. దొరక్కపోతే ఒక స్ట్రోక్ పెనాల్టీ, పైగా మళ్ళీ వెనక్కెళ్ళి మొదటి చోటు నుంచే కొట్టాలి. ఎర్రమట్టి, ఎండుటాకులు, చెప్పుల్లోకి దూరే ముళ్ళు. రెండు నిమిషాలు అయ్యాక ఒక పొద కింద పసుపు రంగు కనపడింది.

వంగి చూశాను. పసుపు బాల్. మా కంపెనీయే. నంబర్ కూడా 3, మాదీ 3. కానీ పెదనాన్న ప్రతి బాల్ మీదా ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో రెండు చుక్కలు పెడతారు. దీని మీద చుక్కలు లేవు. నీలం గీత ఉంది. ఎవరో ఎప్పుడో పారేసుకున్న బాల్.

పెదనాన్న వచ్చి పక్కన నిలబడ్డారు. ఆయనకి పసుపు రంగు కనపడి ఉంటుంది. చుక్కలు కనపడవు.

"మనదేనేట్రా?"

నిజం చెప్తాను, వెంటనే జవాబివ్వలేదు. మిగతా ఇద్దరూ దూరంగా ఇంకో పొదలో వెతుకుతున్నారు. క్యాడీ అన్న నన్నే చూస్తున్నాడు, నోరు తెరవట్లేదు. అవునంటే అయిపోయేది. అక్కడి నుంచి కొడితే ఐదులో ముగించొచ్చు. ఎవరికీ తెలియదు. ముఖ్యంగా ఆయనకి ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన దగ్గరే ఆగిపోయాను. ఆయనకి తెలియదు కాబట్టే అడుగుతున్నారు. పొద్దుటి నుంచి నేను కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. ఇప్పుడు ఇది మనదే అంటే ఇది మనదే.

"కాదు పెదనాన్నా. చుక్కల్లేవు."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. నీలం గీత ఉంది."

ఆయన ఒక క్షణం అలా ఉండి, "అయితే వెనక్కెళ్ళి కొట్టు, నీ వంతే" అన్నారు.

ఫోర్‌సమ్స్‌లో అదే విడ్డూరం. పోగొట్టింది ఆయన, కొట్టాల్సింది నేను. ఆ ఎండలో ఒక్కణ్ణే మళ్ళీ వెనక్కి నడిచాను. నడుస్తున్నంతసేపూ నన్ను నేనే తిట్టుకున్నాను, మంచిపని చేశానన్న గర్వం ఏమీ రాలేదు. ఆ హోల్ ఏడుకి ముగిసింది.

పదహారో హోల్ సరి నంబర్, నేను కొట్టాను. నేను నోరు తెరిచేలోపే పెదనాన్న అందరికీ వినపడేలా అన్నారు:

"ఎటెళ్ళిందో చెప్పు నానా. నాకు కనపడట్లేదు."

డాక్టర్ అంకుల్ అప్పటిదాకా గ్లవ్ సర్దుకుంటున్నారు. తలెత్తి చూశారు. "ఎన్నాళ్ళయింది?" అన్నారు. "సానాళ్ళయింది" అన్నారు పెదనాన్న. ఎవరూ ఆడొద్దనలేదు. బ్యాంకు అంకుల్ అయితే "నాకు రెండు కళ్ళూ చేసేశారు, నువ్వింకా చేయించుకోలేదా" అని తిట్టారు. మిగిలిన మూడు హోల్స్ నలుగురూ కలిసి ఒకే జట్టులా ఆయన బాల్ చూశారు.

మా మొత్తం 98. 23 తీసేస్తే 75. ఆరో స్థానం. మూడో ప్రైజు 71కి వెళ్ళింది. అంటే నేను ఆ పొద దగ్గర అబద్ధం చెప్పి రెండు స్ట్రోకులు మిగిల్చినా 73, అప్పుడూ ఏమీ వచ్చేది కాదు. ఇది కథైతే ఒక్క స్ట్రోక్‌తో ప్రైజు పోయిందని రాసేవాణ్ణి.

ఇంటికి స్కూటర్ నేను నడిపాను. సిగ్నల్ దగ్గర వెనక నుంచి అడిగారు.

"నువ్వు అవునంటే నేను కొట్టేసేవోణ్ణి కదా?"

"ఊఁ."

"అదే భయమేసింది."

ఆయన అసలు భయం మా నానమ్మ. ఆవిడకి ఎప్పుడో ఆపరేషన్ చేసిన రోజుల్లో కంట్లో లెన్స్ తీసేసి పంపేవారట, ఆ తర్వాత జీవితమంతా సోడాబుడ్డి కళ్ళద్దాలే. గుమ్మం ఎక్కడుందో తడుముకుంటూ నడిచేదట. శుక్లాల ఆపరేషన్ అంటే ఆయనకి అదే బొమ్మ. ఇప్పుడు తీసేసిన లెన్స్ స్థానంలో కొత్త లెన్స్ పెడతారని, చాలామంది అదేరోజు ఇంటికొచ్చేస్తారని డాక్టర్ అంకుల్ ఎంత చెప్పినా వినలేదు. చివరికి "ఆడు చూసి చెప్తే చేయించుకుంటాను" అన్నారు. 'ఆడు' అంటే నేను. నేను డాక్టర్ని కాదు, పాయింటర్లే సరిగ్గా రాని సీఎస్‌ఈ వాణ్ణి. అయినా ఆయనతో వెళ్ళి, కాగితాలన్నీ చదివి, అర్థం కానివి నాలుగుసార్లు అడిగి, తెలుగులో ఆయనకి చెప్పాను. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాడికి అది గోల్ఫ్ కంటే కష్టం.

జూన్‌లో కుడికన్ను చేశారు. మర్నాడు కట్టు తీశాక నా మొహంలోకి చాలాసేపు చూశారు. నాకు గొంతు పట్టేసింది, ఏదో పెద్ద మాట అంటారనుకున్నాను.

"ఇన్ని మొటిమలేట్రా నీకు?" అన్నారు.

ఎడమకన్ను దసరా సెలవుల్లో. ఈలోగా ఆయనకి ఒక కొత్త అలవాటైంది. మే నెలలో నేను చెప్పిన లైన్లన్నీ ఇప్పుడు వెళ్ళి చూసుకుంటున్నారట. మొన్న రాత్రి నేను అసైన్‌మెంట్ మధ్యలో ఉంటే ఫోన్ చేశారు.

"ఒరే, పన్నెండో హోల్‌లో ఎడమకి వాలు అన్నావు. కుడికిరా అది."